కొడుకుకు పదేళ్లు నిండాక ఆయనకు నిద్ర కరువైంది

ప్రశ్న: నేను లండన్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. మా వారిది పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్. ఇష్టపడి పెళ్లి చేసుకున్నాం, ఒక బాబు. ఈ మధ్యే వాడికి పదేళ్లు నిండాయి. అప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. అర్ధరాత్రి లేచి తలుపుల గడియలన్నీ చూసుకుని, బాబు గది గుమ్మంలో కూర్చుంటున్నారు. ఒకరోజు వాడి బొమ్మ తుపాకి లాక్కుని విరిచేశారు. గట్టిగా అడిగితే, 1995లో పదేళ్ల వయసులో తిరుగుబాటుదారులు తనను ఊళ్లోంచి ఎత్తుకుపోయారనీ, నాలుగేళ్లు వాళ్ల దగ్గర తుపాకి పట్టాననీ చెప్పారు. ఛాతీ మీది మచ్చ చిన్నప్పటి ప్రమాదంలో అయిందని ఇన్నాళ్లూ నాతో చెప్పింది అబద్ధమట. ఆయన ఎవరినైనా చంపారా అని అడగాలని ఉంది, కానీ వినడానికి భయం. పాత కేసులేమైనా పైకి వస్తాయా? బాబుకు ఏం చెప్పాలి? ఈ సంగతి మా అమ్మానాన్నలకు దాచాలా? అన్నిటికంటే ముఖ్యంగా, బాబును ఆయన దగ్గర ఒంటరిగా వదలవచ్చా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు చివర అడిగిన ప్రశ్నకే మొదట జవాబు చెప్పాలి. ఈ పదేళ్లలో ఆయన బాబు మీద చేయి చేసుకున్నట్టు గానీ, మిమ్మల్ని బెదిరించినట్టు గానీ మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నిద్ర మానుకుని కొడుకు గుమ్మంలో కాపలా కూర్చున్న తండ్రిని చూసి మీరు భయపడనక్కరలేదని నా అభిప్రాయం. తనను ఎత్తుకుపోయిన వయసే ఇప్పుడు బాబుకు వచ్చింది. ఇంతకాలం ఎలాగో అణచిపెట్టుకున్నది ఆ కారణంగానే పైకి వచ్చి ఉంటుంది. అయితే కోపంలో చేయి లేపడం, తాగుడు పెరగడం, చచ్చిపోవాలని ఉందని అనడం వంటివి కనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా అత్యవసర సాయం తీసుకోండి. అటువంటప్పుడు మీరూ బాబూ క్షేమంగా ఉండటమే ముఖ్యం, మిగతాదంతా తర్వాత.

ఇక ఆయన గతం. 1991 మార్చిలో పొరుగుదేశం లైబీరియా వైపు నుంచి రివల్యూషనరీ యునైటెడ్ ఫ్రంట్ అనే తిరుగుబాటు దళం చొరబడటంతో మొదలైన సియెర్రా లియోన్ అంతర్యుద్ధం 2002 జనవరిలో గానీ ముగియలేదు. తిరుగుబాటుదారులే కాదు, ప్రభుత్వ పక్షాన పోరాడిన దళాలు కూడా పిల్లల చేతికి తుపాకులిచ్చాయి. ఎత్తుకుపోయిన పిల్లలతో మొదట మూటలు మోయించి, నీళ్లు తెప్పించి, వంట చేయించి, ఆ తర్వాత ఏకే-47 పట్టించేవారు. గంజాయి, మత్తు మాత్రలు, తుపాకి మందు కలిపిన కొకైన్ ఇచ్చి దాడులకు తోలేవారు. కొందరు పిల్లల చేత సొంత ఊరివాళ్ల మీదే, సొంత బంధువుల మీదే దాడి చేయించేవారు, ఎందుకంటే అలా చేసిన పిల్లవాడికి తిరిగి వెళ్లడానికి ఇల్లంటూ మిగలదు.

ఆ మచ్చ సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. ఎత్తుకొచ్చిన పిల్లలు పారిపోకుండా ఆ తిరుగుబాటు దళంవాళ్లు కొందరి ఛాతీ మీద, నుదుటి మీద తమ దళం పేరులోని అక్షరాలను బ్లేడుతోనో కత్తితోనో చెక్కేవారు. ఆ గుర్తుతో పారిపోయిన పిల్లవాడు సైనికుల కంటబడితే శత్రువని చంపేసే ప్రమాదం ఉండేది. మీ వారి మచ్చ అటువంటిదో కాదో ఆయనకే తెలుసు. అటువంటిదే అయితే, దాన్ని కప్పుకోవడం మీతో పెళ్లికి చాలాకాలం ముందే, ప్రాణం నిలుపుకోవడానికి ఆయన చిన్ననాడే నేర్చుకున్న అలవాటు. దాన్ని మీపట్ల చేసిన మోసంగా లెక్కించకండి. మీకు బాధ కలగడం న్యాయమే, ఆ బాధను ఆయనతో చెప్పుకోవచ్చు కూడా. నేరం మోపినట్టు మాత్రం చెప్పకండి.

చంపారా అన్న ప్రశ్న మీరు అడగకూడదని నా గట్టి అభిప్రాయం. అవునన్నా, కాదన్నా, గుర్తు లేదన్నా, ఆ జవాబుతో మీరు ఏం చేస్తారో మీకే తెలియదు. అంతకంటే ముఖ్యంగా, మీ మన్నన దొరకాలంటే ముందు అన్నీ ఒప్పుకోవాలన్న షరతు ఆయనకు కనిపించకూడదు. సియెర్రా లియోన్‌లో పల్లెలకు తిరిగొచ్చిన పిల్లలను చాలాచోట్ల పెద్దలు ఏం చేశావని నిలదీయలేదు. పూజలు చేసి, స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టించి ఇంట్లోకి తీసుకున్నారు. తవ్వి అడగకపోవడం అక్కడివారి దృష్టిలో దాపరికం కాదు, మనసు చల్లబడటానికి పెద్దలు చూపిన దారి. మీ వారి మౌనంలో అది కూడా ఉండవచ్చు. థెరిసా బెటాన్‌కోర్ట్ అనే పరిశోధకురాలు 2002 నుంచి అక్కడి మాజీ బాల సైనికులను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. ఇంటివాళ్లు, ఊరివాళ్లు కలుపుకున్న పిల్లలు ఎక్కువగా కోలుకున్నారనీ, వెలివేతకు గురైనవారిలో బాధ ముదిరిందనీ ఆమె పరిశోధనలో తేలింది. ఆయనకు ఇప్పుడు ఇల్లూ ఊరూ మీరే. ‘మీరు చెప్పాలనుకున్న రోజు వింటాను, చెప్పకపోయినా నేనెక్కడికీ పోను’ అని ఒక్కసారి స్పష్టంగా చెప్పి, ఆ మాట మీద నిలబడండి.

కేసుల గురించి. ఆ యుద్ధ నేరాల విచారణకు 2002లో ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానానికి, నేరం జరిగిన నాటికి 15 ఏళ్లు నిండనివారిని విచారించే అధికారమే ఉండేది కాదు. మీరు చెప్పిన లెక్క ప్రకారం ఆయన 14 ఏళ్లకే బయటపడ్డారు. అక్కడ శిక్ష పడింది పిల్లలను సైనికులుగా వాడుకున్న పెద్దలకు. లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌కు 2012లో 50 ఏళ్ల శిక్ష వేసిన నేరాల్లో అదీ ఒకటి. పౌరసత్వానికో వీసాకో సంబంధించిన దరఖాస్తు ఇంకా నడుస్తుంటే మాత్రం ఇమ్మిగ్రేషన్ వ్యవహారాలు తెలిసిన లాయరుతో ఒకసారి మాట్లాడండి.

నిద్రలేమికి మాత్రలతో సరిపెట్టకుండా, ఆయన్ను ఒప్పించి జీపీ (మీ కుటుంబ డాక్టరు) దగ్గరకు తీసుకెళ్లి, యుద్ధం మనసుకు చేసిన గాయాలకు చికిత్స చేసే నిపుణుల వద్దకు పంపమని అడగండి. బతుకును పుట్టినప్పటి నుంచి వరుసగా చెప్పించుకుంటూ, భయానక ఘట్టాలను వాటి కాలంలో, వాటి చోట పెట్టించే ఒక చికిత్స ఉంది. ఉత్తర ఉగాండాలో మాజీ బాల సైనికుల మీద పరీక్షించినప్పుడు అది మేలు చేసింది. మీరు నర్సు కాబట్టి ఇంట్లో ఆ పని మీరే మొదలుపెట్టాలనిపించవచ్చు. దయచేసి వద్దు, ఆయనకు మీరు భార్యగానే కావాలి. వినేవారికీ ఆ కథల బరువు తగులుతుంది గనుక, మీకోసం కూడా విడిగా ఒక కౌన్సిలర్‌ను చూసుకోండి.

బాబు దగ్గర అబద్ధం వద్దు, వివరాలూ వద్దు. ‘నాన్న నీ వయసులో ఉన్నప్పుడు వాళ్ల దేశంలో యుద్ధం జరిగింది. చెడ్డవాళ్లు నాన్నను ఎత్తుకుపోయారు. ఆ భయం ఇప్పుడు గుర్తొస్తోంది. అందులో నీ తప్పేమీ లేదు’ అన్నంత మేరకు చాలు. వీలైతే ఈ మాటలు ఆయనే చెప్పాలి, మీరు పక్కన కూర్చోవాలి. బొమ్మ విరిచినందుకు ఆయన చేత వాడికి క్షమాపణ చెప్పించండి, బొమ్మ తుపాకులు మాత్రం మళ్లీ కొనకండి. రాత్రి ఆయన గుమ్మంలో కూర్చున్నప్పుడు వెనుక నుంచి ముట్టుకోకుండా, దూరం నుంచే పేరు పెట్టి పిలిచి, దీపం వేసి, పక్కన కూర్చోండి.

మీ అమ్మానాన్నలకు చెప్పాలా వద్దా అన్నది ఆయన తేల్చుకోవలసిన విషయం. ఆయనను అడగకుండా మీరు ఎవరికీ చెప్పవద్దు. వాళ్లు ఆయన ఆరోగ్యం గురించి అడిగితే నిద్ర సరిగా పట్టక డాక్టరుకు చూపిస్తున్నామని చెప్పండి, అది నిజమే కదా.