ఒక్క ఫైలును పేజీలుగా విడదీసే ముందు

చిరంజీవి అమ్మలుకు,

పెదనాన్న ఆశీస్సులు. నీ నోట్సంతా ఒకే ఆర్గ్ ఫైల్లో (ఈమ్యాక్స్ ఎడిటర్‌లో హెడ్డింగుల కింద రాసుకునే ఫైలు) పెరిగిపోయిందనీ, ఒక్కో హెడ్డింగునీ విడి హెచ్‌టీఎంఎల్ పేజీగా, అంటే వెబ్ పేజీగా, తీయాలనీ రాశావు. ముక్కముక్కా కాపీ చేసి కొత్త ఫైళ్లలో పెట్టుకుంటానన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకు. రాత ఒక్కచోటే ఉండనీ. విడిపోవాల్సింది బయటికొచ్చే కాపీలే.

ఈమ్యాక్స్‌లో కర్సర్‌ని హెడ్డింగు మీద పెట్టి కంట్రోల్-సి, కంట్రోల్-ఇ నొక్కితే ఎక్స్‌పోర్ట్ మెనూ వస్తుంది. అందులో కంట్రోల్-ఎస్ నొక్కితే ఆ హెడ్డింగూ దాని కిందున్నదీ మాత్రమే బయటికి వెళ్తాయి. తర్వాత హెచ్, మళ్లీ హెచ్. హెడ్డింగే పేజీ టైటిల్ అవుతుంది.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. పన్నెండు హెడ్డింగుల్ని వరసగా ఎక్స్‌పోర్ట్ చేసి ఫోల్డర్ తెరిస్తే ఒక్కటే ఫైలు ఉంది, అదీ చివరి అధ్యాయం. ఎందుకంటే నువ్వు పేరు చెప్పకపోతే ప్రతి ముక్కా అసలు ఫైలు పేరుతోనే సేవ్ అవుతుంది, ముందుదాన్ని చెరిపేస్తుంది. అందుకే ముందుగా ప్రతి హెడ్డింగు మీదా కంట్రోల్-సి, కంట్రోల్-ఎక్స్, పి నొక్కి, ఎక్స్‌పోర్ట్_ఫైల్_నేమ్ అనే ప్రాపర్టీలో (హెడ్డింగుకు అంటిపెట్టుకుని ఉండే వివరం) దాని పేజీ ఫైలు పేరు రాసిపెట్టు. ఒక సాయంత్రం పడుతుంది, కానీ ఆ పేరు హెడ్డింగుతోనే ఉండిపోతుంది. రేపు నువ్వు హెడ్డింగు మాటలు మార్చినా పేజీ అడ్రసు మారదు.

పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టు, ముందు 01, 02 అని అంకెలు వెయ్యి. తెలుగంటే నాకు ప్రాణమే, కానీ వెబ్ అడ్రసును కాపీ చేసినప్పుడు ‘పరిచయం’ అన్న చిన్న మాట శాతం గుర్తులతో 54 అక్షరాల తోరణం అయిపోతుంది. చూసినవాళ్లకు అదేమిటో అర్థం కాదు.

పేర్లు పెట్టాక ఒక్కొక్కటీ చేత్తో చెయ్యక్కర్లేదు. ఆర్గ్-మ్యాప్-ఎంట్రీస్ అనే ఫంక్షన్‌కి ‘లెవెల్=1’ అని, అంటే పై వరస హెడ్డింగులు మాత్రమేనని, ఇచ్చి, లోపల ఆర్గ్-హెచ్‌టీఎంఎల్-ఎక్స్‌పోర్ట్-టు-హెచ్‌టీఎంఎల్‌ని పిలువు. దానికి రెండో ఆర్గ్యుమెంట్‌గా టీ (t అనే అక్షరం) ఇవ్వడం మరిచిపోకు, సబ్‌ట్రీ, అంటే ఆ హెడ్డింగూ దాని కిందున్నదీ, మాత్రమే తియ్యమని చెప్పేది అదే.

అసలు టెన్షన్ పెట్టేవి లింకులు. మూడో అధ్యాయంలో ‘పైన రెండో అధ్యాయం చూడు’ అని హెడ్డింగు పేరుతో లింకు ఇచ్చావనుకో, మూడోది విడిగా వెళ్లేటప్పుడు రెండోది దానికి కనబడదు. లింకు దొరకలేదని ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆగిపోతుంది. ఫైలు పైన ఆప్షన్స్ లైన్లో బ్రోకెన్-లింక్స్:మార్క్ అని రాస్తే ఆగకుండా తెగిన లింకుల్ని గుర్తు పెట్టి చూపిస్తుంది. దాంతో అవి ఎక్కడున్నాయో ఏరుకుని, ఒక అధ్యాయం నుంచి ఇంకో అధ్యాయానికి వెళ్లే ప్రతి లింకునీ ఆ పేజీ ఫైలు పేరుతో రాసెయ్యి. ఆ గుర్తులు అలాగే వదిలి పేజీలు జనానికి చూపించకు.

లింకులు మరీ ఎక్కువుంటే ఇంకో దారి ఉంది. ప్యాన్‌డాక్ అని ఫైళ్లను ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మార్చే ప్రోగ్రాం ఉంది. 2023లో వచ్చిన దాని 3.0 వెర్షన్ నుంచి చంక్డ్‌హెచ్‌టీఎంఎల్ అనే అవుట్‌పుట్ ఉంది. అది ఆర్గ్ ఫైలు చదివి, హెడ్డింగుల దగ్గర తనే విడగొట్టి, లోపలి లింకుల్ని కూడా సరైన పేజీలకు మారుస్తుంది. కానీ పేజీ రూపం మీద నీకు ఆర్గ్‌లో ఉన్న అలవాటైన పట్టు అందులో మళ్లీ నేర్చుకోవాలి. నీ నోట్స్‌కి నేనైతే ఆర్గ్ దారే పడతాను.

తయారైన పేజీలో తప్పు కనబడితే అక్కడ దిద్దకు, తల్లి ఫైల్లో దిద్ది మళ్లీ ఎక్స్‌పోర్ట్ చెయ్యి. లేకపోతే తర్వాతిసారికి ఆ దిద్దుబాటు మాయమవుతుంది.

ముందు ఫైలుకి ఒక కాపీ తీసి, రెండు హెడ్డింగులతో చేసి చూడు. ఎర్రర్ వస్తే ఆ లైను ఉన్నదున్నట్టు నాకు పంపించు.

మీ పెదనాన్న