తడి రన్‌వే మీదికి దిగే ముందు

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. కుడి సీట్లో, కో-పైలట్‌గా, ఇది నీ తొలి వానాకాలం. రోస్టర్‌లో (డ్యూటీల పట్టికలో) కోజికోడ్ పేరు కనిపిస్తే కడుపులో టెన్షన్ మొదలవుతోందని రాశావు. ఉండాలమ్మా. అది లేనివాళ్ళ పక్కన కూర్చోవాలంటే నాకే భయం.

విమానం రన్‌వే దాటిపోయిందంటే బయటివాళ్ళు ముందు బ్రేకుల్ని తిడతారు. బ్రేకుల దాకా వచ్చేసరికి కథ చాలావరకు అయిపోయి ఉంటుంది. కోజికోడ్‌లోనే 2020 ఆగస్టు 7 సాయంత్రం సంగతే చూడు. దుబాయ్ నుంచి వస్తున్న బోయింగ్ 737 విమానంలో 190 మంది ఉన్నారు. మొదటిసారి దిగలేకపోయారు, కెప్టెన్ వైపు అద్దం తుడిచే వైపర్ ఆగిపోయింది. రెండోసారి రన్‌వేకి రెండో కొస నుంచి, గాలిని వెనకేసుకుని వచ్చారు. 8,858 అడుగుల రన్‌వేలో చక్రాలు నేలకు తగిలింది 4,438 అడుగుల దగ్గర. వెనకనుంచి 14 నాట్ల గాలి, నేల మీద వేగం 165 నాట్లు. అది టేబుల్‌టాప్, అంటే కొండమీద బల్లలా ఉన్న రన్‌వే కదా, చివర దాటితే 110 అడుగుల పల్లం. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది పోయారు.

దర్యాప్తు రిపోర్టు మీ ట్రైనింగ్‌లో చదివించే ఉంటారు. మళ్ళీ చదువు, ఈసారి అంకెల కోసం కాదు. కో-పైలట్ ముందు మెల్లగా హెచ్చరించారు, తర్వాత గో అరౌండ్, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేపమని, అన్నారు. విమానం మాత్రం దిగింది. మాట వినకపోతే కంట్రోల్స్ తీసుకుని ఉండాల్సిందని రిపోర్టు చెప్పింది. పక్క ఊళ్ళకి వెళ్ళడానికి ఇంధనం ఉంది. కానీ మర్నాడు పొద్దున అక్కడినుంచే ఇంకో ఫ్లైట్ నడపాలన్న ఆలోచన కెప్టెన్‌ని లాగిందట. ఎంతో అనుభవమున్న మనిషి. పోయినవాళ్ళని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆ లాగుడు నాకూ తెలుసు, అందుకే.

మనింట్లో నిన్ను ఎలా పెంచామో నాకు తెలియదా? పెద్దాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డురాకు అన్నాం. అది భోజనాల దగ్గర పనికొస్తుంది, కాక్‌పిట్ తలుపు దగ్గర వదిలేసి వెళ్ళు. నేను ఫస్ట్ ఆఫీసర్‌గా ఉన్నప్పుడు ఒక వానరోజు మా కెప్టెన్ గారు వేగం ఎక్కువై తేలుతూ పోతున్నారు. నేను గొంతు సవరించుకున్నాను. అంతే, అదే నా హెచ్చరిక! రన్‌వే పొడవుగా ఉండబట్టి బతికిపోయాం. రాత్రి హోటల్లో నాకు అన్నం సహించలేదు, ఆయన మాత్రం శుభ్రంగా తిన్నారు. కాబట్టి ‘సార్, కొంచెం చూడండి’ లాంటి మాటలు వద్దు. ‘గో అరౌండ్’ అను, గట్టిగా. కదలకపోతే ‘ఐ హావ్ కంట్రోల్స్’ అని లాక్కో. కోప్పడితే తర్వాత క్షమాపణ చెప్పుకోవచ్చు.

ఇక నువ్వు నడిపేటప్పుడు. మెత్తగా దించి చప్పట్లు కొట్టించుకోవాలన్న ఆశ ఎండాకాలానికి దాచుకో. తడి రన్‌వే మీద కాస్త గట్టిగానే దించు. టైరు నీటి పొరని చీల్చుకుని వెంటనే తిరగాలి, అప్పుడే రెక్కల మీద లేచి విమానాన్ని నేలకి అదిమే స్పాయిలర్లు, చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే యాంటీ-స్కిడ్ తమ పని మొదలుపెడతాయి. టైరులో గాలి ఒత్తిడి 200 పీఎస్ఐ ఉంటే దాని వర్గమూలాన్ని తొమ్మిదితో గుణించు, 127 నాట్లు వస్తుంది. నీళ్ళు నిలిచి ఉంటే అంతకు మించిన వేగంలో టైరు తేలిపోవచ్చు. నువ్వు దిగేది దాదాపు ఆ వేగంలోనే. థ్రెషోల్డ్ (రన్‌వే మొదలయ్యే గీత) మీద 50 అడుగుల ఎత్తులో ఉండాల్సినచోట 100 అడుగులు ఉన్నావంటే సుమారు 1,000 అడుగుల రన్‌వే గాలిలోనే ఖర్చయినట్టు.

స్పాయిలర్ లివర్ ఆర్మ్ చేశావో (నేల తగలగానే వాటంతట అవే లేచేలా సిద్ధం చేశావో) లేదో ఇంకోసారి చూసుకో. 1999లో అమెరికాలోని లిటిల్ రాక్‌లో ఉరుముల వానలో ఆ ఒక్క పని మర్చిపోయి రన్‌వే దాటారు, కెప్టెన్‌తో పాటు మొత్తం 11 మంది పోయారు.

చక్రాలు ఎక్కడ తగలకపోతే లేచిపోవాలో దిగడం మొదలుపెట్టకముందే ఇద్దరూ పైకి చెప్పుకోండి. ఇంజన్ల తోపుని ముందుకి తిప్పి వేగం తగ్గించే రివర్సర్లు లాగాక మాత్రం ఇంక లేవడం లేదు, ఆగడమే.

ఆగాక ఊపిరి పీల్చుకునేలోగా బ్రేకులు ఎలా పట్టాయో టవర్‌కి చెప్పు. ‘ఓకే’ అనకు. ఎక్కడ జారిందో, ఎక్కడ పట్టిందో చెప్పు. నీ వెనక ఎవరో ఒకరు అదే వానలో తిరుగుతూ ఉంటారు.

పెద్దమ్మ నీ రోస్టర్ అడుగుతోంది, పంపించు.

ఇట్లు,
పెదనాన్న