వ్యాపారం ఇంటా వంటా లేకపోతే?

ప్రశ్న: మాది సామర్లకోట. మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం. చదువు మానేసి జంతికలు, చేగోడీల వ్యాపారం పెడతానంటూ రెండు లక్షలు అడుగుతున్నాడు. వ్యాపారం మా ఇంటా వంటా లేదు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి

జవాబు: ఇంట్లో వ్యాపారులు లేరన్న బెంగ వద్దండీ. వ్యాపార దక్షత నేర్పితే వస్తుందా అన్న పరీక్ష మీ పక్కనే, కాకినాడలో జరిగింది. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లీలండ్ బృందం అక్కడి 52 మంది వ్యాపారులకు హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమల వాళ్లకు శిక్షణ ఇచ్చే సియెట్ సంస్థలో శిక్షణ ఇప్పించింది. ఆ తర్వాత వాళ్లు కొత్త పెట్టుబడులకు చొరవగా ముందుకొచ్చారు. పాతకాలపు ఆచారాలు, నమ్మకాలు అందుకు అడ్డు రాలేదు. కాకపోతే వాళ్లు అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్లు, మీవాడు ఇంకా దిగలేదు. అందుకే తొందర వద్దంటున్నాను.

చదువు మానేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. పరువు కోసం కాదు, లెక్క కోసం. యాభై రూపాయల ప్యాకెట్‌కి పిండి, నూనె, గ్యాస్, కవరు కలిపి 32 అయిందనుకుందాం. 18 మిగిలిందని అబ్బాయి సంబరపడతాడు. అందులో కొట్టతను తన కమిషన్ పది తీసుకుంటాడు. మెత్తబడి తిరిగొచ్చిన సరుకు, బండి పెట్రోలు, వంటావిడ కూలి అన్నీ మిగిలిన ఎనిమిదిలోంచే రావాలి. పైగా సరుకు ఇవాళ వేస్తే డబ్బు నెలకి చేతికొస్తుంది. అప్పటిదాకా నూనె ఎవరి డబ్బుతో కొనాలి? కాస్ట్ అకౌంటింగ్, వర్కింగ్ క్యాపిటల్ అంటూ బీకాంలో చెప్పేది ఈ లెక్కే. మన కాలేజీల్లో దాన్ని బట్టీ పట్టిస్తారు, అదీ గొడవ!

రెండు లక్షలు ఇవ్వకండి. ఓ పదిహేను వేలు చేతిలో పెట్టి, మూడు నెలలు సాయంత్రాలు, ఆదివారాలు అమ్మమనండి. ఖాతా పుస్తకం రోజూ రాయాలి, వారానికోసారి మీరు చూడాలి. తినే వస్తువు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ముందే చేయించండి. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంట్లకు పైసా ఇవ్వక్కర్లేదు. ఆ సియెట్టే ఇప్పుడు హైదరాబాద్ యూసుఫ్‌గూడలో ఎన్ఐ-ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల జాతీయ శిక్షణ సంస్థ)గా ఉంది. సెలవుల్లో అక్కడ శిక్షణ ఏమైనా ఉందేమో కనుక్కోండి.

మూడు నెలలయ్యాక కొట్లవాళ్లు మళ్లీ సరుకు అడుగుతూ, పాత బాకీలు కూడా వసూలైతే ఇంకొంచెం పెట్టండి. బాకీలు పేరుకుపోయి ఉంటే రెండు లక్షల మాట డిగ్రీ అయ్యాకే.