పాత పీసీని శాంపిల్స్ మెషిన్‌గా మార్చుకోవడం

మెయిన్ మెషిన్‌లో 32 జీబీ ర్యామ్ ఉన్నా ఆర్కెస్ట్రా టెంప్లేట్ (వాయిద్యాల రికార్డ్ చేసిన శబ్దాలు, అంటే శాంపిల్స్, ముందే పేర్చి పెట్టుకున్న ప్రాజెక్ట్) లోడ్ కావట్లేదు, పాత పీసీ ఒకటి ఖాళీగా ఉంది, దానికి ఇంకో ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్ సౌండ్‌ను స్పీకర్లకు ఇచ్చే పెట్టె) కొనాలా అని అడిగారు.

కొనక్కర్లేదండి. వియన్నా ఎన్‌సెంబుల్ ప్రో (వాయిద్యాలను ఇంకో కంప్యూటర్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్) వాడితే మిడి (ఏ స్వరం ఎప్పుడు వాయించాలో చెప్పే సమాచారం) వెళ్లేదీ, ఆడియో తిరిగొచ్చేదీ లాన్ కేబుల్ మీదే. సౌండ్ మీ మెయిన్ మెషిన్ ఇంటర్‌ఫేస్ నుంచే వినిపిస్తుంది. రెండింటిలోనూ సాఫ్ట్‌వేర్ ఒకే వెర్షన్ ఉండాలి, అంతే.

నేను సీరియళ్లకు బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ చేస్తాను, మూడేళ్లుగా ఇదే పద్ధతి. వైఫై మాత్రం వద్దు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక స్టీరియో జతకు సుమారు 2.3 మెగాబిట్లే పడుతుంది కాబట్టి స్పీడ్ సరిపోతుందనిపిస్తుంది. కానీ వైఫైలో ప్యాకెట్లు ఒక్కోసారి ఆలస్యమవుతాయి, వెంటనే టప్‌మని క్లిక్ వినిపిస్తుంది. క్యాట్ 6 కేబుల్ నేరుగా కలిపి, ఒకదానికి 192.168.10.1, రెండోదానికి 192.168.10.2 అని ఐపీ ఇవ్వండి. పాత పీసీలో స్లీప్ ఆపేయండి. కనెక్ట్ కాకపోతే ముందుగా ఫైర్‌వాల్ చూడండి.

ఏది ఎక్కడ పెట్టాలన్నది అసలు విషయం. మెయిన్ మెషిన్‌లోని వియన్నా ప్లగిన్‌లో బఫర్ (ఆడియోను కాసేపు ఆపి ఉంచే నిల్వ) 2 పెడితే, 48 కిలోహెర్ట్జ్‌లో ఆడియో బఫర్ సైజు 256 శాంపిల్స్ (ఇక్కడ శాంపిల్ అంటే సౌండ్‌లో ఒక చిన్న కొలత) దగ్గర దాదాపు 10.7 మిల్లీసెకన్లు అదనంగా ఆలస్యం. స్ట్రింగ్స్‌కి ఇది తెలియదు. తబలా, పియానో లాంటివి కీబోర్డ్ మీద వాయించేటప్పుడు చేతికి తెలిసిపోతుంది, అందుకే అవి మెయిన్ మెషిన్‌లోనే ఉంచుకుంటాను.

వియన్నాలో ఇన్‌స్టన్స్‌లను (వాయిద్యాలు పెట్టుకునే ఒక్కో సెట్‌ను) డీకపుల్ చేయండి, అంటే వాటి డేటా మెయిన్ ప్రాజెక్ట్‌లో సేవ్ కాకుండా విడదీయండి. లేదంటే శాంపిల్ సెట్టింగులన్నీ ప్రాజెక్ట్ ఫైల్‌లోకే చేరి, ప్రతి సేవ్‌కీ ఆగాల్సి వస్తుంది. అయితే డీకపుల్ చేశాక సర్వర్ ప్రాజెక్ట్‌ను పాత పీసీలో విడిగా సేవ్ చేయడం మర్చిపోకండి. నేను ఒకసారి మర్చిపోయాను. ఎపిసోడ్ ఇవ్వాల్సిన రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ మెయిన్ మెషిన్‌కే ఉంది. బ్రాస్ మిక్స్ మొత్తం పోయింది, తెల్లారేదాకా కూర్చుని మళ్లీ కట్టాను, ఆ టెన్షన్ మీకు వద్దు. పాత పీసీకీ యూపీఎస్ పెట్టండి.

ముందు స్ట్రింగ్స్ ఒక్కటే అటు మార్చి వారం పని చేయండి. కాంటాక్ట్‌లో (శాంపిల్స్‌ను వాయించే సాఫ్ట్‌వేర్) వాడని శాంపిల్స్‌ను పర్జ్ చేస్తే, అంటే ర్యామ్ నుంచి తీసేస్తే, ర్యామ్ చాలా మిగులుతుంది. అప్పటికీ చాలకపోతేనే ర్యామ్ కొనండి.