వరద నీళ్ళు తేర్చడానికి పటికా, మునగ గింజలా, చిల్లగింజలా?

గుణుపూర్ దగ్గర వంశధార ఒడ్డున ఉంటున్నామని, వానల్లో బోరు మొరాయిస్తే ఏటి నీళ్ళే దిక్కని, పటిక కెమికల్ కదా, దాని బదులు మునగ గింజలో చిల్లగింజలో వాడచ్చా అని అడిగారు. మాదీ ఆ పక్కే. మా ఇంట్లో మూడూ వాడాం.

ఏరు ఎర్రగా పొంగినప్పుడు మునగ గింజ బాగా పనిచేస్తుంది. కాస్త మసకగా ఉన్న నీళ్ళలో మాత్రం అంతంతే. గింజలోని ప్రోటీన్‌కి ధనావేశం, మట్టి రేణువులకి రుణావేశం. అతుక్కుని గుంపు కట్టి అడుక్కి దిగుతాయి. రేణువులే తక్కువైతే గుంపు కట్టేదేముంది? చెట్టు మీదే ఎండిన కాయల గింజలు కావాలి. పొట్టు తీసి, తెల్లపప్పు మెత్తగా దంచి, గ్లాసుడు మంచినీళ్ళలో కలిపి గుడ్డలో వడకట్టి బిందెలో పోయండి. ఒక నిమిషం జోరుగా, తర్వాత ఐదు పది నిమిషాలు నెమ్మదిగా తిప్పి, రెండు గంటలు కదపకండి. బాగా బురదగా ఉంటే లీటరుకి ఒకటి రెండు గింజలు పడతాయి. అంటే 20 లీటర్ల బిందెకి 20 నుంచి 40. రోజూ అన్ని గింజలు ఒలిచే పని ఇంట్లో ఎవరి మీద పడుతుందో నేను చెప్పక్కర్లేదు. పైగా ఆ నీళ్ళు మర్నాటికి వాసనొస్తాయి, ఏ రోజువి ఆ రోజే తాగేయాలి.

అందుకే రోజువారీకి నా ఓటు పటికకే. భయమల్లా కొలత లేకుండా వాడటం గురించే. గడ్డ పట్టుకుని ఇష్టమొచ్చినట్టు తిప్పితే నీళ్ళు వగరెక్కుతాయి, అల్యూమినియం మిగులుతుంది. 10 గ్రాముల పటిక లీటరు నీళ్ళలో కరిగించి సీసాలో ఉంచుకోండి. బిందెకి 40 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, తేరకపోతే కొద్దికొద్దిగా పెంచుతూ 100 వరకు వెళ్ళచ్చు. పటిక పనిచేయాలంటే నీళ్ళలో కొంత క్షారత, అంటే ఆమ్లాన్ని విరిచే గుణం, ఉండాలి. వాన నీళ్ళలో అది తక్కువ, పటిక దాన్ని ఇంకా తినేస్తుంది. అలాంటప్పుడు ఎంత పోసినా తేరకపోతే కాస్త సున్నపు తేట కలిపి చూడండి.

చిల్లగింజ సానరాయి మీద అరగదీసి కలపడం పాత పద్ధతి. ఒక్కదానితోనే పూర్తిగా తేరవు గానీ, పటికకి తోడుగా వేస్తే పటిక తక్కువ పడుతుంది. సంతలో కొనేటప్పుడు జాగ్రత్త. ముష్టి గింజలు దీనికి దాయాదులే, కానీ విషం. అవి బొత్తాంలా చపటగా, బూడిదరంగు నూగుతో ఉంటాయి. చిల్లగింజ చిన్నది, గుండ్రటిది. అనుమానముంటే కొనకండి.

ఏది వాడినా క్రిములు పూర్తిగా పోవు. పైతేట మెల్లగా వేరే గిన్నెలోకి వంచుకుని, అప్పుడే క్లోరిన్ మాత్ర వేయండి, లేదా మరగబెట్టండి. బురదలోనే మాత్ర వేస్తే దండగ. మునగ నీళ్ళలోనూ గింజ తాలూకు పదార్థం మిగిలి క్లోరిన్‌ని మింగేస్తుంది, అందుకని వాటిని మేం కాచే తాగుతాం.