పదవి దిగిపోతూ మన కొత్తవాళ్లకు చెప్పాలనుకున్న మాటలు

డిసెంబరు 31తో మా ఊరి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చాప్టర్ (వృత్తి సంస్థ స్థానిక శాఖ) అధ్యక్షుడిగా నా పదవీకాలం ముగిసింది. దిగిపోయే ముందు వాలంటీర్లందరినీ పిలిచి విందు పెట్టి, కృతజ్ఞతలు చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. డిసెంబరు 5ను వాలంటీర్ల దినంగా జరపాలని ఐక్యరాజ్యసమితి 1985లో నిర్ణయించింది కాబట్టి, ఆ వారంలోనే ఈ విందు పెట్టుకుంటాం. పదవి దిగే మనిషికి మైకు ముందు ఎక్కువ సమయం ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. పేరు పేరునా పిలిచి, ఎవరు ఏం చేశారో చెప్పి, అందరిచేతా చప్పట్లు కొట్టించి కూర్చున్నాను. అక్కడ చెప్పడానికి వీలుకానివి కొన్ని మిగిలిపోయాయి. అవి కొత్తగా అమెరికా వచ్చిన మన తెలుగువాళ్ల కోసం.

మా మీటింగులకు వచ్చే మన కుర్రాళ్లు, అమ్మాయిలు నన్ను తరచు అడిగే మాట ఒకటుంది. "అన్నా, ఆఫీసు పనికే టైము చాలడం లేదు. వీసా టెన్షన్ ఒకటి. జీతం రాని ఈ పని మనకెందుకు?" సరైన ప్రశ్నే. దానికి జవాబు "సమాజ సేవ" అని ఒక్క మాటలో తేల్చేస్తే వాళ్లకు ఉపయోగం లేదు.

ముందు ఇది ఎలాంటి సంస్థో చెబుతాను. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, అందరూ పీఎంఐ అనేది, 1969లో మొదలైంది. ప్రపంచమంతటా దానికి 300కు పైగా చాప్టర్లున్నాయి. హైదరాబాదులో పెర్ల్ సిటీ చాప్టర్ ఉంది. అక్కడ మెంబరుగా ఉండి ఇక్కడికి వచ్చినవాళ్లు మాలో ఉన్నారు. పీఎంఐ కేంద్ర కార్యాలయంలో జీతాలు తీసుకునే ఉద్యోగులుంటారు కానీ, మా చాప్టర్లో ఒక్కరికీ జీతం లేదు. అధ్యక్షుడి నుంచి తలుపు దగ్గర బ్యాడ్జీలు ఇచ్చే మనిషి దాకా అందరూ పగలు ఎక్కడో ఉద్యోగం చేసుకుని, సాయంత్రం ఇక్కడికి వచ్చేవాళ్లే. ఇంజనీర్ల ఐఈఈఈ అయినా, కంప్యూటర్ వ్యవస్థల ఆడిటర్ల ఐసాకా అయినా, హెచ్‌ఆర్ వాళ్ల ఎస్‌హెచ్‌ఆర్‌ఎం అయినా ఊళ్లలో ఉండే శాఖలు ఎక్కువగా ఇలాగే నడుస్తాయి. మీ వృత్తి ఏదైతే దాని శాఖ మీ ఊళ్లోనో, పక్క ఊళ్లోనో ఉంటుంది.

ఆ రాత్రి నేను మొదట పిలిచిన పేరు మా ట్రెజరర్‌ది. ఒక ఆస్పత్రిలో బడ్జెట్లు చూసే ఆవిడ. మీటింగుల్లో పెద్దగా మాట్లాడదు, ఫోటోల్లో కనిపించదు. కానీ పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థల్లో చాలావరకు ఏటా ఐఆర్‌ఎస్‌కు, అంటే అమెరికా పన్నుల శాఖకు, ఫారం 990 పంపాలి. ఏడాది రాబడి మామూలుగా 50,000 డాలర్లు దాటని చిన్న సంస్థలకైతే 990-ఎన్ అనే చిన్న ఆన్‌లైన్ ఫారం సరిపోతుంది. జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్కలు రాసుకునేవాళ్లకు గడువు మే 15. వరసగా మూడేళ్లు పంపకపోతే పన్ను మినహాయింపు హోదా దానంతట అదే రద్దవుతుంది. ఐఆర్‌ఎస్ వేరే నిర్ణయమేదీ తీసుకోనక్కర్లేదు. ఒక సంస్థ బతికుందా లేదా అనేది ఇలాంటి పని మీద ఆధారపడుతుంది. ఆవిడ గడువు దాటనివ్వలేదు. ప్రతి నెలా బ్యాంకు స్టేట్‌మెంటుకూ మా లెక్కకూ మధ్య తేడా లేకుండా చూసి బోర్డు ముందు పెట్టింది. అందుకే మొదటి పేరు ఆవిడదయింది. ముఖ్య అతిథిదీ కాదు, డబ్బిచ్చిన స్పాన్సర్‌దీ కాదు.

రెండో పేరు శనివారం క్లాసులు చెప్పినవాళ్లది. పీఎంఐ ప్రాజెక్ట్ మేనేజర్లకు ఇచ్చే పీఎంపీ సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటే ముందుగా 35 గంటల శిక్షణ ఉండాలి. బయట దానికి బాగా ఖర్చవుతుంది. మా చాప్టర్లో పరీక్ష పాసైనవాళ్లే వచ్చి కొత్తవాళ్లకు చెబుతారు. ఉద్యోగం పోయి కూర్చున్న మనిషి ఆ క్లాసులో చేరి, పరీక్ష పాసై, మళ్లీ ఉద్యోగంలో చేరి, మరుసటి ఏడు తానే క్లాసు చెప్పడానికి రావడం నేను చూశాను. ఆయన పేరు చదివేటప్పుడు నా గొంతు పట్టేసింది.

ఇప్పుడు మీ లెక్కకు వస్తాను. పీఎంపీ సర్టిఫికెట్ నిలబెట్టుకోవాలంటే ప్రతి మూడేళ్లకు 60 పీడీయూలు, అంటే వృత్తిలో ఎదుగుదలకు పెట్టిన గంటల లెక్క, కావాలి. వాటిలో కనీసం 35 చదువు వైపు నుంచి రావాలి. వృత్తికి తిరిగి ఇచ్చినందుకు గరిష్ఠంగా 25 దాకా వేసుకోవచ్చు, వాలంటీరు పని అందులోకి వస్తుంది. గంటకు ఒక పీడీయూ. దీనికోసమే రమ్మని నేను అనను కానీ, ఎలాగూ చేస్తున్న పనికి లెక్క రాసుకోవడం మాత్రం మరిచిపోకండి. తేదీ, పని, గంటలు ఒక ఎక్సెల్ షీటులో ఎప్పటికప్పుడు వేసుకోండి.

అయితే అసలు లాభం ఇది కాదు. కొత్తగా వచ్చిన మనిషిని ఈ దేశంలో ఎరిగినవాళ్లు ఎవరు? క్లయింటు దగ్గర టీము, కన్సల్టెన్సీ వాళ్లు, రూమ్మేట్లు. ప్రాజెక్టు అయిపోతే టీము చెదిరిపోతుంది. మీ పని ఎలాంటిదో చెప్పగల మనిషి మీ కంపెనీ బయట ఒక్కరూ ఉండరు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉండి ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో ఏదో ఒక దారి చూసుకోవాలి. పరిచయాలు అప్పటికప్పుడు పుట్టవు. చాప్టర్లో మీతో కలిసి ఆరు నెలలు పని చేసిన మనిషికి మీరు మాట మీద నిలబడతారో లేదో తెలుసు. ఆ మనిషి బ్యాంకులోనో, కౌంటీ ఆఫీసులోనో, ఆస్పత్రిలోనో ఉంటాడు. మీ వృత్తి వాడే, కానీ మీ కంపెనీ వాడు కాదు. అలాంటి మనిషి తన మేనేజరుతో మీ గురించి ఒక మాట చెప్పడం ఎంత పెద్ద సాయమో మీకు అప్పుడు తెలుస్తుంది.

మా వాలంటీర్లలో ఉత్తరాంధ్ర నుంచి హెచ్-4 (హెచ్-1బి వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వచ్చిన అమ్మాయి ఒకరున్నారు. ఇండియాలో మంచి ఉద్యోగం చేసి, పెళ్లయి ఇక్కడికొచ్చి, పని చేసే అనుమతి లేక ఇంట్లో ఉండిపోయారు. 2015 నుంచి కొందరు హెచ్-4 వాళ్లకు ఈఏడీ అనే పని అనుమతి కార్డు ఇస్తున్నారు కానీ, ముందు భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం వేసే అర్జీ) ఆమోదం కావాలి, లేదంటే ఆరేళ్లు దాటిన హెచ్-1బి పొడిగింపు ఉండాలి. అది వచ్చేదాకా ఏళ్లు గడుస్తాయి, రెజ్యూమేలో ఆ ఖాళీ అలా పెరుగుతూ పోతుంది. ఈ అమ్మాయి మా ఈవెంట్ల రిజిస్ట్రేషన్ పని తీసుకున్నారు. ఎవరు డబ్బు కట్టారు, ఎవరు కట్టి రాలేదు, ఎవరికి శాకాహారం కావాలి, హోటలుకు ఎంతమందని చెప్పాలి, ఇదంతా ఆవిడ చేతిలోకి వచ్చాక మాకు భోజనాలు మిగిలిపోవడం, చాలకపోవడం ఆగిపోయాయి. తర్వాత మా వార్షిక సదస్సు రిజిస్ట్రేషన్ మొత్తం ఆవిడే నడిపారు. ఈఏడీ వచ్చినప్పుడు రెజ్యూమేలో ఆ ఏళ్ల కింద రాసుకోవడానికి అసలైన పని ఉంది, దాని గురించి ఫోన్లో చెప్పడానికి మేమున్నాం. చెల్లెమ్మలందరికీ నేను ఈ సంగతే మళ్లీ మళ్లీ చెబుతాను. ఈఏడీ వచ్చాక చూద్దామని ఆగకండి.

వీసా సంగతి జాగ్రత్తగా వినండి. లాభాపేక్ష లేని సంస్థలో, ఎప్పుడూ వాలంటీర్లే చేసే పనిని, ఏ ప్రతిఫలమూ ఆశించకుండా చేస్తే హెచ్-1బి, హెచ్-4 వాళ్లకు మామూలుగా ఇబ్బంది ఉండదు. ఇబ్బంది డబ్బు దగ్గర మొదలవుతుంది. క్లాసు చెప్పినందుకు చిన్న మొత్తం ఇస్తామంటే తీసుకోకండి, గిఫ్ట్ కార్డు అయినా సున్నితంగా వద్దనండి. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఉచితంగా చేయడం, తెలిసినవాళ్ల స్టార్టప్‌లో "వాలంటీరు"గా కోడ్ రాయడం వేరే వ్యవహారం. దాని జోలికి పోవద్దు. ఓపీటీలో, అంటే చదువయ్యాక విద్యార్థులకు ఇచ్చే పని అనుమతిలో, ఉన్న పిల్లలు ఇంకో విషయం గమనించాలి. మొదటి ఓపీటీలో చదువుకు సంబంధించిన జీతం లేని పని, వారానికి కనీసం 20 గంటలైతే, ఉద్యోగంలో ఉన్నట్టు లెక్కకు వస్తుంది. సైన్సు, టెక్నాలజీ చదివినవాళ్లకు వచ్చే స్టెమ్ పొడిగింపులో జీతం లేని పని లెక్కకు రాదు. మా దగ్గర వారానికి 20 గంటల పని ఎవరికీ ఉండదు కాబట్టి దీన్ని నమ్ముకుని, ఉద్యోగం లేకుండా ఉండగలిగే 90 రోజుల పరిమితి దాటించుకోవద్దు. ఏ అనుమానం ఉన్నా మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల సంగతి చూసే అధికారి డీఎస్‌ఓనో, లాయర్నో అడిగాకే అడుగు వేయండి. కంపెనీలో మేనేజరుకు కూడా ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ఈమధ్య గ్రీన్‌కార్డు కోసం ఈ సంస్థల్లో చేరమని సలహాలిచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ల గ్రీన్‌కార్డు కోటా అయిన ఈబీ-1ఏకు పది ప్రమాణాలున్నాయి, కనీసం మూడింటికి ఆధారాలు చూపాలి. సంస్థల్లో సభ్యత్వం వాటిలో ఒకటన్నది నిజమే. కానీ అసాధారణమైన ప్రతిభ ఉందని ఆ రంగం నిపుణులు తేల్చాకే సభ్యత్వమిచ్చే సంస్థలకే అది వర్తిస్తుంది. ఫీజు కట్టిన ప్రతివాళ్లకూ వచ్చే మా చాప్టర్ మెంబర్‌షిప్ దానికి పనికిరాదు. డబ్బు కడితే అవార్డు ఇస్తామనేవాళ్ల మాట అసలే వినకండి. అలాంటి కాగితం మీ ఫైలులో మిగిలిన నిజమైన కాగితాల మీద కూడా అనుమానం తెస్తుంది. మీరు ఇక్కడ చేసిన పని గురించి, ఉన్నది ఉన్నట్టు రాసిన ఉత్తరం మాత్రం ఎప్పటికైనా అక్కరకొస్తుంది.

ఆ ఉత్తరం గురించి గట్టిగా చెప్పాలి. వాలంటీరు విందులో మెమెంటో ఇస్తారు, ఫోటో తీస్తారు. మన సభల్లో శాలువా కప్పి, పూలదండ వేసి చేసే సన్మానంలో ఉన్న ఆప్యాయత నాకు చాలా ఇష్టం, దాన్ని తక్కువ చేయను. అయినా మీ పని చూసిన అధ్యక్షుడు దిగిపోయే ముందే ఆయన దగ్గర ఉత్తరం అడిగి తీసుకోండి. ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏ బాధ్యతలో, ఏం చేసి, ఏ ఫలితం తెచ్చారో అందులో ఉండాలి. జనవరిలో కొత్త బోర్డు వస్తుంది. వాళ్లు మంచివాళ్లే అయినా మీరు నిరుడు ఏం చేశారో వాళ్లకు తెలియదు. అడగడానికి మొహమాటపడే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. "వాళ్లంతట వాళ్లే గుర్తించాలి కదా" అనుకుంటారు. ఇక్కడ అడగడంలో తప్పేమీ లేదు, అడిగితే సంతోషంగా రాస్తారు. నేను ఈసారి ఒక అడుగు ముందే వేశాను. ఎవరికి ఇష్టమో కనుక్కుని, వాళ్ల మేనేజర్లకు నేనే ఉత్తరాలు రాశాను. మీ టీములో ఉన్న ఫలానా మనిషి మా దగ్గర ఈ పని చేశారు, మీరు వాళ్లను సాయంత్రాలు వదిలినందుకు మీకు కూడా కృతజ్ఞతలు అని. ఇలా చేయడానికి పైసా ఖర్చు లేదు. మీలో ఎవరైనా ఏ సంస్థకైనా అధ్యక్షులైతే దయచేసి ఇది చేయండి.

ఒక అలవాటు మాత్రం మార్చుకోవాలి. మొహం మీద కాదనడం మర్యాద కాదని మనం పెరిగాం. అందుకే చేయలేని పనికి కూడా "ట్రై చేస్తాను" అంటాం. ఇక్కడి వాళ్లు దాన్ని ఒప్పుకోలుగానే తీసుకుని మీ పేరు ఎదురుగా ఆ పని రాసుకుంటారు. కార్యక్రమం ముందురోజు మీ నుంచి జవాబు లేకపోతే ఇంకొకరు రాత్రంతా కూర్చోవలసి వస్తుంది. ఈ వారం కుదరదని సోమవారమే చెప్పిన మనిషిని ఎవరూ తప్పుపట్టరు. చిన్న పని ఒప్పుకుని పూర్తిగా చేసేవాళ్ల మీద నమ్మకం కుదిరి, ఏడాది తిరిగేలోపు పెద్ద పని దానంతట అదే వస్తుంది. నేను బోర్డులోకి అలా వచ్చినవాళ్లనే చూశాను.

ఇదంతా విని తెలుగు సంఘాలు మానుకోమంటున్నానని అనుకోవద్దు. 1977లో పుట్టిన తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మొదలు మన ఊళ్లలో ఉగాది, బతుకమ్మ పండగలు జరిపే చిన్న సంఘాల దాకా అన్నీ వాలంటీర్ల రెక్కల కష్టం మీదే నడుస్తున్నాయి. పిల్లల భాషకీ, మన మనసుకీ అవి కావాలి. వృత్తికి మాత్రం తెలుగు రాని మనుషులతో కలిసి పనిచేసే చోటు ఇంకొకటి ఉండాలి. భార్యాభర్తలు ముందే కూర్చుని మాట్లాడుకోండి, వారంలో ఎన్ని సాయంత్రాలు బయటికి ఇవ్వగలమని. మా విందుకు కుటుంబాలను కూడా పిలిచింది అందుకే. ఆ సాయంత్రాల్లో పిల్లలకు అన్నం పెట్టి పడుకోబెట్టినవాళ్లకు కూడా నిలబడి కృతజ్ఞతలు చెప్పాను.

ఇప్పుడు కొత్త బోర్డు కుదురుకునే సమయం. చాలా చాప్టర్లలో ఖాళీలు ఎక్కువగా ఉండేదీ, కొత్త మనిషికి జవాబు త్వరగా వచ్చేదీ ఈ రెండు మూడు నెలల్లోనే. వాళ్ల సైటులో వాలంటీర్ల బాధ్యుల ఈమెయిలు ఉంటుంది. పొడుగాటి పరిచయం వద్దు, రెజ్యూమే జత చేయక్కర్లేదు. మీ పేరు, మీ వృత్తి, నెలకు ఎన్ని గంటలు ఇవ్వగలరో, ఏ రోజుల్లో కుదురుతుందో రాసి, ఎవరూ తీసుకోకుండా మిగిలిపోయిన పని ఏదైనా ఉంటే ఇవ్వమని అడగండి. "సర్", "మేడమ్" అనక్కర్లేదు, పేరుతోనే రాయండి. వారంలో జవాబు రాకపోతే తర్వాతి మీటింగుకు అరగంట ముందు వెళ్లి చెక్-ఇన్ టేబుల్ దగ్గర ఉన్న మనిషిని సాయం కావాలా అని అడగండి. ఆ సమయానికి వాళ్లకు ఎప్పుడూ ఒక చేయి తక్కువే ఉంటుంది.