మడ అడవులు, చిత్తడి నేలల పునరుద్ధరణ: బాటనీ అమ్మాయికి ఇందులో ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర లంక గ్రామం. చేపల చెరువు చేస్తాం. మా అమ్మాయి బీఎస్సీ బాటనీ మేజర్ చివరి ఏడాదిలో ఉంది. కాలేజీ వాళ్లు కోరింగ తీసుకెళ్లినప్పటి నుంచి మడ అడవులు, చిత్తడి నేలలు బాగుచేసే పనిలోకే వెళ్తానంటోంది. బీఈడీ చేయించి టీచరు ఉద్యోగం చూద్దామని మా ఆలోచన. మొక్కలు నాటే పనికి ఇంత చదువెందుకు? అసలు ఇందులో ఉద్యోగాలున్నాయా? ఉంటే ఏం చదివించాలి?
- ఒక తండ్రి, ఏలూరు జిల్లా

జవాబు: ముందుగా మీ ప్రశ్నలో ఒక మాట సరిచేయాలండీ. ఇది మొక్కలు నాటే పని కాదు, నీటి పని. నీరు ఎంత ఎత్తుకు వస్తుంది, ఎంతసేపు నిలుస్తుంది, ఎటు పోతుంది, పోయేటప్పుడు ఎంత ఉప్పు వదిలి వెళ్తుంది అన్నది తేల్చడమే ఇందులో అసలు ఉద్యోగం. అమ్మాయి ఏం చదవాలో, ఎక్కడ చేరాలో కూడా దీన్నిబట్టే తేలుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

మడ అడవిని నరికేసిన చోట నేల ఎండకు ఆరి కుంగిపోతుంది. మధ్యలో పళ్లెంలా పల్లం పడుతుంది. పోటుకు వచ్చిన సముద్రపు నీరు ఆటుకు తిరిగి వెళ్లలేక అక్కడే నిలిచి ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. వేసవిలో ఇలాంటి పల్లాల మట్టినీటిలో అది అంతకు బాగా మించిపోతుంది. ఉప్పుకు బాగా ఓర్చుకునే తెల్లమడ చెట్టు కూడా మొక్క దశలో దాన్ని తట్టుకోలేదు. అలాంటి చోట లక్ష మొక్కలు నాటినా ఏడాది తిరిగేసరికి ఉప్పునేలల్లో పెరిగే ఇలకూర తప్ప ఏమీ కనబడదు.

దీనికి ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్లు 1990లలో తమిళనాడులోని పిచ్చావరంలో ఒక పద్ధతి రూపొందించారు. తర్వాత అటవీశాఖతో కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లోనూ అమలు చేశారు. దాని పేరు చేపముల్లు కాలువలు. క్రీకు (పోటు నీరు వచ్చిపోయే సహజ పాయ) నుంచి దాదాపు 45 డిగ్రీల కోణంలో ప్రధాన కాలువ తవ్వి, దానికి రెండు పక్కలా చేప ముళ్లలాగా పిల్ల కాలువలు తీస్తారు. ప్రధాన కాలువ పైన రెండు మూడు మీటర్ల వెడల్పు, అడుగున మీటరు, లోతు మీటరు లోపు ఉంటుంది. పోటు నీరు లోపలిదాకా వచ్చి, ఆటుకు మొత్తం బయటికి పోవాలి. ఇలా రోజూ వచ్చిపోతూ ఉంటే కొన్ని నెలల్లో ఉప్పు కడుక్కుపోతుంది. మొక్కను గట్టు మీద పెట్టరు, కాలువ అడుగున కూడా పెట్టరు. వాలు మధ్యలో పెడతారు. గట్టు మీద వేర్లకు తడి అందదు, అడుగున మొక్క ఊపిరాడక చస్తుంది.

ఇందులో తప్పులు ఎక్కడ జరుగుతాయో చూస్తే అమ్మాయి నేర్చుకోవాల్సింది ఏమిటో అర్థమవుతుంది. కాలువ అడుగు క్రీకు అడుగు కన్నా కిందికి పోతే ఆటుకు నీరు బయటికి రాదు, పల్లం పోయి గొయ్యి మిగులుతుంది. తవ్విన మట్టిని పక్కనే కట్టలా పోస్తే ఆ కట్టే పోటు నీటికి అడ్డమవుతుంది కాబట్టి పల్చగా పరిచేయాలి. కాలువ మూతి ఏడాది రెండేళ్లలో ఒండ్రుతో పూడిపోతుంది, పూడిక తీయడానికి బడ్జెట్‌లో డబ్బు పెట్టకపోతే మొదటి ఖర్చంతా వృథా. ఇక పశువులు. మడ ఆకు గేదెలకు మహా ఇష్టం. ఊరివాళ్లతో మాట్లాడి మేపు ఎక్కడికి మళ్లించాలో తేల్చుకోకుండా కాలువలు తవ్వితే ఫలితం ముందే చెప్పొచ్చు.

ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాలపాటు పెద్ద ఎత్తున మడ మొక్కలు నాటారు. బతికినవి చాలాచోట్ల నూటికి పది, ఇరవైకి మించలేదు. ప్రధాన కారణం ఇది. ఎవరి హక్కూ లేదని, సులువుగా దొరుకుతుందని సముద్రం వైపున్న బురద మేటల్లో నాటారు. అక్కడ సహజంగా మడ ఎప్పుడూ పెరగదు, ఎందుకంటే రోజులో ఎక్కువసేపు నీటి కిందే ఉంటుంది. సగటు సముద్ర మట్టానికీ పెద్ద పోటు గీతకూ మధ్య ఉన్న సన్నని పట్టీయే మడది. మన తీరంలో ఆటుపోట్ల తేడా తక్కువ కాబట్టి ఆ పట్టీలో పది సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా మొక్క తలరాత మారిపోతుంది. బాటనీ చదివినవాళ్లు మొక్కను గుర్తుపడతారు. ఆ పది సెంటీమీటర్లు కొలవగలిగినవాళ్లు తక్కువ. ఉద్యోగం వాళ్లకే దొరుకుతుంది.

మీ కొల్లేరు సంగతే చూడండి. అక్కడ చట్టమే ఒక ఎత్తు గీత. 1999లో సముద్ర మట్టానికి +5 అడుగుల కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అది రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న) చిత్తడి నేల అయింది. 2005-06లో ఆ హద్దు లోపలి చెరువు గట్లు కొట్టేశారు. గట్లు కొట్టినంత మాత్రాన సరస్సు తిరిగి రాలేదని మీకు మా కన్నా బాగా తెలుసు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే మురుగూ ఒండ్రూ, సరస్సు నీటిని సముద్రంలోకి తీసుకెళ్లే ఉప్పుటేరు పూడిక, వేసవిలో అదే ఉప్పుటేరు గుండా ఎగదన్నే ఉప్పునీరు, గుర్రపుడెక్క, తిరిగి వెలిసిన చెరువులు, ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. పక్క రాష్ట్రం ఒడిశాలో చిలికా సరస్సును చూడండి. 1993లో ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ స్థలాల జాబితాకెక్కింది. 2000లో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వి ఉప్పు, తీపి నీళ్ల లెక్క సరిచేశాక చేపల దిగుబడి కోలుకుంది, 2002లో జాబితాలోంచి బయటపడింది. ముందు నీరు, తర్వాతే మిగతావి.

చెరువు మీద పెరిగిన అమ్మాయికి ఇందులో మొదటి మెట్టు ఇంట్లోనే ఉంది. తూము ఎప్పుడు ఎత్తాలో, నీళ్లలో ఆక్సిజన్ ఎప్పుడు పడిపోతుందో, ఉప్పదనం ఎలా చూడాలో పట్నం పిల్లలు ఎమ్మెస్సీలో నేర్చుకుంటారు. కానీ ఒక్క ఇబ్బంది. మీ చెరువు ఐదో కాంటూరు లోపలిదైతే రేపు ఆమె పనికీ ఇంటి రాబడికీ మధ్య పేచీ రావచ్చు. అది ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.

చదువు విషయానికొద్దాం. బీఎస్సీ తర్వాత ఏ ఎమ్మెస్సీ అయినా ఫర్వాలేదనుకోవడం పొరపాటు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పర్యావరణ శాస్త్రం మనకు దగ్గర, ఖర్చు తక్కువ, ప్రవేశం ఏపీ పీజీసెట్ ద్వారా. పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలో ఎకాలజీ, పర్యావరణ శాస్త్రాల ఎమ్మెస్సీ ఉంది, దానికి సీయూఈటీ పీజీ (కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. డెహ్రాడూన్‌లో భారత వన్యప్రాణి సంస్థ వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ ఇస్తుంది. సీట్లు చాలా తక్కువ, పోటీ గట్టిగా ఉంటుంది, అయినా ఒకసారి రాయించండి. అటవీ పరిశోధన సంస్థ కూడా అక్కడే ఉంది, దాని ప్రవేశ పరీక్ష వేరు. మా సలహా అడిగితే, ఫీల్డ్ పని ఎక్కువగా చేయించే చోటికే మొదటి ఓటు. ల్యాబులో టిష్యూ కల్చర్ చేయించే బాటనీ ఎమ్మెస్సీ ఈ దారికి పెద్దగా పనికిరాదు.

డిగ్రీతో పాటు మూడు పనులు చేతికి రావాలి. మొదటిది లెవెల్ సర్వే, అంటే నేల ఎత్తుపల్లాలు కచ్చితంగా కొలిచే ఆటో లెవెల్, ఆర్‌టీకే జీపీఎస్ పరికరాలు వాడటం. సివిల్ డిప్లొమా పిల్లలు నెలలో నేర్చుకునేదే, బీఎస్సీ వాళ్లు ముట్టుకోరు. రెండోది జీఐఎస్, అంటే కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసి విశ్లేషించడం. దానికి వాడే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో ఉచితం, ఇస్రో వారి డెహ్రాడూన్ సంస్థ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ కోర్సులూ ఉచితమే. మూడోది గణాంకాలు, ఆర్ సాఫ్ట్‌వేర్‌తో. బైపీసీ పిల్లలు ఇక్కడే వెనకడుగు వేస్తారు. ప్లస్ టూ స్థాయి లెక్కలు నేర్చుకుంటే చాలు, భయపడాల్సిందేం లేదు.

ఇది నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి ఈ సెలవుల్లోనే ఒక పని చేయమనండి. ఉప్పుటేరు ఒడ్డునో, దానిలో కలిసే డ్రెయిన్ దగ్గరో నాలుగు చోట్లు ఎంచుకుని, అమావాస్యకూ పౌర్ణమికీ పెద్ద పోటు వేళ రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పదనం చూసి రాసుకోవాలి. పోటు వేళలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తుంది. నాలుగు చోట్ల ఎత్తుల తేడాకు తాపీమేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం చాలు, గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకోవాలి, ఉంటే లెవెల్ తప్పుతుంది. ఇలా మూడు నెలల లెక్కలు ఒక పట్టికలో, ఒక మ్యాపు మీద పెట్టి ఇంటర్వ్యూకి తీసుకెళ్తే పది సర్టిఫికెట్ల కన్నా ఎక్కువ పనిచేస్తుంది. మొదటి నెలలోనే విసుగొస్తే అదీ మంచిదే, బీఈడీకి ఇంకా సమయం ఉంటుంది.

ఉద్యోగాల గురించి దాచకుండా చెబుతాం. పర్మినెంటు కావాలంటే అటవీశాఖ. ఏపీపీఎస్సీ రేంజ్ ఆఫీసర్ పోస్టులకు బాటనీ డిగ్రీ సరిపోతుంది, నడక పరీక్ష మాత్రం ఉంటుంది, ఆడపిల్లలకు నాలుగు గంటల్లో 16 కిలోమీటర్లు. యూపీఎస్సీ ఐఎఫ్‌ఎస్ (భారత అటవీ సర్వీసు) పరీక్షకూ బాటనీ చెల్లుతుంది. ఇక్కడొక మెలిక గమనించండి. ఆ పరీక్ష అర్హత సబ్జెక్టుల జాబితాలో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, అటవీశాస్త్రం లాంటివి ఉన్నాయి గానీ పర్యావరణ శాస్త్రం లేదు. అమ్మాయి డిగ్రీలో బాటనీ ఉంది కాబట్టి ఎమ్మెస్సీ ఏది చేసినా ఇబ్బంది లేదు. చెల్లెలో తమ్ముడో ఇదే దారి పడతామంటే డిగ్రీలోనే చూసుకోవాలి.

మిగతావన్నీ దాదాపు ప్రాజెక్టు ఉద్యోగాలు. కేంద్రం 2023లో మిష్టి పథకం ప్రకటించింది, ఐదేళ్లలో సుమారు 540 చదరపు కిలోమీటర్ల మడ అడవి లక్ష్యం. తీర గ్రామాల కోసం హరిత వాతావరణ నిధి డబ్బుతో ఆంధ్ర, ఒడిశా, మహారాష్ట్రల్లో మరో ప్రాజెక్టు చేపట్టారు. కాకినాడలో ఈగ్రీ ఫౌండేషన్, చెన్నైలో స్వామినాథన్ సంస్థ, జాతీయ తీర నిర్వహణ కేంద్రం, ఢిల్లీలో వెట్‌ల్యాండ్స్ ఇంటర్నేషనల్ సౌత్ ఏషియా, భువనేశ్వర్‌లో చిలికా అభివృద్ధి సంస్థ, వీటి ప్రకటనలు చూస్తూ ఉండాలి. ఎక్కువగా ఏడాది కాంట్రాక్టులే, ప్రాజెక్టు ముగిస్తే మళ్లీ వెతుక్కోవాలి. మొదటి నాలుగైదేళ్లు ఇలాగే గడుస్తాయని ముందే తెలిసి ఉండటం మంచిది. జాతీయ అర్హత పరీక్ష నెట్ పాసై జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. అందుకే ఎమ్మెస్సీ రెండో ఏడాదిలోనే నెట్, గేట్ రాయించడం మేలు. గేట్‌లో ఎకాలజీకి, పర్యావరణానికి వేర్వేరు పేపర్లున్నాయి. ప్రైవేటులో పర్యావరణ ప్రభావ అంచనా కన్సల్టెన్సీలు జీవవైవిధ్య నిపుణులను తీసుకుంటాయి. జీతం మెరుగే, కానీ అక్కడ చేసేది పునరుద్ధరణ కాదు, ఫ్యాక్టరీలకు నివేదికలు రాయడం.

కార్బన్ క్రెడిట్ల కంపెనీలు కూడా ఇటు చూస్తున్నాయి. వాళ్లకు కావాల్సింది మట్టి లెక్క. మడ నేలలో మీటరు లోతు దాకా మట్టి తీసి, 5 సెంటీమీటర్ల ముక్కలు కోసి, 60 డిగ్రీల వేడిలో ఆరబెట్టి, బరువూ కార్బనూ చూస్తారు. గొట్టాన్ని సుత్తితో కొట్టి దించితే మట్టి నొక్కుకుపోతుంది. మీటరు మట్టి గొట్టంలో 80 సెంటీమీటర్లే కనబడుతుంది, సాంద్రత ఎక్కువ చూపిస్తుంది, కార్బన్ లెక్క తప్పుగా పెరిగిపోతుంది. సగం గొట్టం ఆకారంలో ఉండే ఆగర్‌ను చేత్తో నెమ్మదిగా దించి తిప్పి తీస్తే ఈ బాధ ఉండదు. ఇలాంటి పని శుభ్రంగా చేయగలిగినవాళ్లను ఎవరూ వదులుకోరు.

విదేశాల మాటా అడుగుతారు. అక్కడ పెద్ద పని పీట్ నేలల మీద ఉంది. సగం కుళ్లిన మొక్కల పదార్థం వేల ఏళ్లుగా పేరుకున్న తడి నేలలవి, మన దగ్గర నీలగిరుల్లాంటి కొద్ది చోట్లే కనబడతాయి. కాలువలు తవ్వి ఆరబెడితే అవి కుంగుతాయి, అంటుకుంటాయి. 2015లో ఇండోనేషియా అలాగే తగలబడింది. అక్కడ నియమం ప్రకారం తోటల్లో నీటిమట్టం నేల ఉపరితలానికి 40 సెంటీమీటర్ల కన్నా కిందికి పోకూడదు. బ్రిటన్‌లో, జర్మనీలో పాత మురుగు కాలువలకు అడ్డుకట్టలు వేసి నీటిమట్టాన్ని ఇంకా పైకి తెస్తారు. మన కోరింగలో నీరు కదలడానికి కాలువ తవ్వుతాం, అక్కడ నీరు నిలవడానికి కాలువ పూడుస్తారు. లెవెలూ నీటిమట్టమూ కొలవడం రెండు చోట్లా ఒకటే. జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయం పీట్ నేలలకు పేరున్న చోటు, ఇంగ్లిష్‌లో మాస్టర్స్ ఉంది. అయితే చదువు ఇంగ్లిష్‌లో దొరికినా అక్కడి ఫీల్డ్ ఉద్యోగానికి జర్మన్ రావాలి. చేపల చెరువు మీద అప్పు తెచ్చి పంపే పనైతే మాత్రం ఇక్కడ ఎమ్మెస్సీ, రెండేళ్ల అనుభవం అయ్యాకే ఆలోచించండి.

బీఈడీ ఎక్కడికీ పోదు, 30 ఏళ్లకైనా చేయొచ్చు. బురదలో దిగే పని ఇప్పుడు మొదలుపెట్టకపోతే తర్వాత కష్టం. కాబట్టి ఈ ఏడాది సీయూఈటీ పీజీ, ఏపీ పీజీసెట్ రెండూ రాయించండి. సీయూఈటీ దరఖాస్తులు మామూలుగా చలికాలంలోనే ముగిసిపోతాయి, డిగ్రీ ఫలితాలొచ్చాక చూద్దామనుకుంటే ఏడాది పోతుంది. కుల, ఆదాయ ధ్రువపత్రాలు కూడా ఇప్పుడే తీసి పెట్టుకోండి. కేంద్ర సంస్థలకు ఓబీసీ సర్టిఫికెట్ కేంద్ర నమూనాలోనే ఉండాలి, రాష్ట్ర నమూనా తీసుకెళ్లి కౌన్సెలింగ్‌లో సీటు పోగొట్టుకునేవాళ్లు ప్రతి ఏటా ఉంటారు.